మైలపల్లి అప్పలరాముడి అచ్చుకాని పని

డిగ్నాబాద్ వాలు మీద, నీళ్ళ కుళాయికి ఎదురుగా, నూకరత్నం టైపు షాపు రోజూ ఎనిమిదింటికి తెరుచుకునేది. తెరవగానే ఆమె చేసే పని ఒకటే. పాత పళ్ళ బ్రష్షు కిరసనాయిల్లో ముంచి, మిషను అక్షరాల సందుల్లో గడ్డకట్టిన మసి తోమేది. తర్వాత రోలరు తుడిచి, రిబ్బను ఒకసారి తిప్పి చూసి, చీర చెంగు బొడ్లో దోపి కూర్చునేది. కూర్చుందా, ఇక చూసుకోండి! పోర్ట్ బ్లెయిర్ మొత్తం మీద అలాంటి టైపిస్టు పుట్టలేదు, ఇక పుట్టబోదు. ఆమె కొడుతుంటే వేళ్ళు కనిపించేవి కావు, కాయితం మీద గాలి ఆడటమే కనిపించేది. ఓసారి తుపానొచ్చి షాపు మీది రేకులు పన్నెండూ ఎత్తుకుపోతే, పన్నెండో రేకు సముద్రంలో పడేలోపల ఇరవై రెండు పేజీల టెండరు కొట్టి, పిన్ను గుచ్చి, గొడుగేసుకుని ఆఫీసులో ఇచ్చి వచ్చింది. ఒక్క తప్పు లేదు. అక్కడి పెద్ద ఆఫీసరు భూతద్దం పెట్టి మూడు రోజులు వెతికి, దొరక్క, ఆ దిగులుతో సెలవు పెట్టాడు.

ఆ పేటలో మాటకి బరువుండేది. శ్రీకాకుళం, విశాఖ ఒడ్డుల నుంచి జహాజెక్కి వచ్చిన వేటవాళ్ళు వలలతో, దేవతలతో పాటు దాన్నీ తెచ్చుకున్నారు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేస్తే, దాని బరువు ఎవరి పేరు చెప్తే వాళ్ళ మీదకి పోయేది. పేరు చెప్పకపోతే ఆ మాట ఆఖరున ఏ నోట్లోంచి వచ్చిందో ఆ మనిషి మీదే పడేది. చేత్తో రాసుకుంటే ఏం కాదు గానీ, టైపు కొడితే నోటిమాట కిందే లెక్క, కొట్టిన చేతిని వదిలి చెప్పిన నోటినే పట్టుకునేది. మంచి మాటైతే నాలుక మీద బెల్లం ముక్కంత. తిట్టయితే చెంప మీద ఐదు వేళ్ళంత. దెబ్బ గురించిన మాటయితే దెబ్బంత. అందుకని కుళాయి దగ్గర ఎవరూ గాలిమాట మాట్లాడేవాళ్ళు కాదు. "పదింటికి నీళ్ళాగిపోతాయంట, నూకయ్య భయ్యా అన్నాడు." "సుర్మాయి సేప రేటు దిగిందంట, కాసులమ్మ దీదీ సెప్పింది." పేరు లేని మాట నోట్లోంచి జారిందంటే పక్కింటి పిల్లలు కూడా నోరు మూయించేవాళ్ళు.

ఆ ఏడు, అంటే ఎనభై ఆరులో, విశాఖ నుంచి గణేశ్వరరావు అనే సైకాలజీ లెక్చరరు వచ్చి, ఎనిమిది నెలలు పేటలో ఇల్లిల్లూ తిరిగి, థీసిస్ రాసుకున్నాడు. వేట కుటుంబాల్లో కోపం గురించి. రెండొందల పేజీల రాతప్రతీ, అట్ట చిరిగిన ఒక పద్ధతుల పుస్తకమూ పట్టుకుని షాపు మెట్లెక్కాడు.

"నూకరత్నం గారూ, ఐదు కాపీలు కావాలి. అసలుది ఒకటి, కార్బన్లు నాలుగు. శుక్రవారం జహాజుకి వెళ్ళిపోవాలి. నా గడువు ఈ నెలతో సరి."

"ఐదు కార్బన్లైనా అచ్చు పడతాది సార్, నా సెయ్యి అలాటిది. సెప్పండి, ఎలా కొట్టాల?"

ఆయన పుస్తకం తెరిచి పాఠం మొదలెట్టాడు. వరసకీ వరసకీ మధ్య రెండు వరసల ఎడం. ఎవరి మాట వాడుకున్నా, వాక్యం చివర బ్రాకెట్లో వాళ్ళ ఇంటిపేరు, కామా, అన్న సంవత్సరం. ఆ పేర్లన్నీ మళ్ళీ ఆఖరి పేజీలో అక్షరక్రమంలో. మొదటి వరస అంచు నుంచి, తర్వాతి వరసలు లోపలికి జరిపి.

"సైకాలజీలో ఊరికే మాట అనడానికి లేదండీ. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, చెప్పి తీరాలి" అన్నాడు గర్వంగా.

నూకరత్నం ఫక్కున నవ్వింది. "దీనికి ఇంత లావు పుస్తకమేటి సార్? మా కుళాయి కాడ రూలే గదా ఇది!"

మూడు అధ్యాయాలు గుర్రప్పరుగున పోయాయి. అమెరికా పండితులూ జర్మనీ పండితులూ బ్రాకెట్లలోకి బుద్ధిగా ఎక్కి కూర్చున్నారు. నాలుగో అధ్యాయంలో మొదటి పేజీ, ఏడో వరస. నూకరత్నం ఐదు కాయితాలు, నాలుగు కార్బన్లు రోలరుకి ఎక్కించి కొట్టింది. *తెడ్డు తిరగేసి నా వీపు మీద వేశాడు.* ఇంగ్లీషులోకి మారిన మాట. దాని వెనక పేరు లేదు, బ్రాకెట్టు లేదు.

వీధిలో ధబ్బుమంది.

కుళాయి గట్టు మీద చేపలబుట్ట పెట్టుకుని కూర్చున్న కాళమ్మ ముందుకి బోర్లా పడింది. లేవబోతే రెండో దెబ్బ. చేపలు చెల్లాచెదురయ్యాయి. మూడు. నాలుగు. ఐదోది పడేసరికి ఆమె గడ్డం గట్టుకి కొట్టుకుని పెదవి చీలింది. చుట్టూ గాలి తప్ప ఎవరూ లేరు.

"ఓలమ్మో, ఎవులో నీ మాట పేరు నేకండా మోసీసినారే!" అని ఆడవాళ్ళు నీళ్ళు చల్లారు. అంతకు మించి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయేంత తీరిక ఎవరికుంది, నీళ్ళు పదింటికి ఆగిపోతాయి.

నూకరత్నం మాత్రం కాయితం వంక చూసింది. ఐదు కాపీలు. ఐదు దెబ్బలు. ఒక్క ఉరుకులో మెట్లు దిగి కాళమ్మని చంకలో ఎత్తుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టింది.

కాళమ్మంటే ఎవరనుకున్నారు? ముప్పై కిలోల బుట్ట నెత్తినెట్టుకుని, డిగ్నాబాద్ నుంచి ఊరవతలి దాకా చెయ్యి వెయ్యకుండా నడిచే మనిషి. ఆమె మొగుడు మైలపల్లి అప్పలరాముడు. వాడి బలం చెప్పాలంటే ఈ దీవులు చాలవు. పదిమంది తోసినా కదలని డుంగీ పడవని ఒక్క భుజంతో నీళ్ళలోకి దింపేవాడు. ఓసారి వండూర్ అవతల సొరచేప వల కొరికితే, నీళ్ళలోకి దూకి దాని దవడ మీద ఒక్కటిచ్చాడట. అది పళ్ళన్నీ అక్కడే ఉమ్మేసి బర్మా వైపు పోయిందట, నూకయ్య అన్నాడు. ఆ చెయ్యే సాయంత్రానికి ఇంటికొచ్చేది. పద్నాలుగేళ్ళుగా వస్తూనే ఉంది.

గణేశ్వరరావు మధ్యాహ్నం వచ్చేసరికి బల్ల మీద కాళమ్మా, బల్ల పక్కన ఉగ్రరూపంలో నూకరత్నమూ కనిపించారు.

"ఏటి సార్ ఇది? అమెరికావోళ్ళకి బ్రాకెట్లు, మా అప్పకి నేదా?"

"పరిశోధనలో పాల్గొన్నవాళ్ళ పేర్లు పెట్టకూడదండీ. గోప్యత. నేను ఆవిడకి మాటిచ్చాను. పుస్తకం కూడా..." ఆయన కాళమ్మ పెదవి చూసి ఆగిపోయాడు. ఎనిమిది నెలలు పేటలో ఉన్న మనిషి, సంగతి అర్థమై మొహం పాలిపోయింది. "ఎంత పని చేశాను! ఆవిడ మాటలు ముప్పై ఒక్క చోట్ల ఉన్నాయి."

"ముప్పై ఒకటి అయిదులు" అంది నూకరత్నం పళ్ళ బిగువున. "మనిషి మిగుల్తాదా?"

"నంబరు వేద్దాం. పేరు బదులు, పాల్గొన్న వ్యక్తి ఏడు. అలా కూడా వేస్తారు."

వేశారు. అదే వాక్యం, అదే తెడ్డు. రేషను షాపు ముందు కిరసనాయిలు వరసలో ఏడోవాడుగా నిలబడ్డ నూకయ్య వీపు మీద పేలింది. నూకయ్య వెనక్కి తిరిగి ఎనిమిదోవాడి మొహం మీద డబ్బాతో ఒక్కటిచ్చాడు. రెండో దెబ్బకి ముందుకి తిరిగి ఆరోవాడి ముక్కు పగలగొట్టాడు. ఐదో దెబ్బయ్యేసరికి వరస వరసంతా ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుని దొర్లుతోంది. తెలుగులో మొదలైన తిట్లు హిందీలోకి, హిందీలోంచి తమిళంలోకి, బెంగాలీలోకి పాకాయి. ముగ్గురికి చేతులు విరిగాయి. రేషను షాపు తలుపు ఊడి ఎవరి నెత్తినో పడింది. నూకయ్య సాయంత్రం షాపుకొచ్చి, "రత్నం బెహన్, నన్నెందుకు మధ్యలో లాగినావు? హమ్ క్యా కియా?" అని ఏడిచాడు.

మర్నాడు దొంగపేరు వేద్దామన్నాడు లెక్చరరు. సుశీల అని పెట్టాడు. వండూర్‌లో కొత్తగా పెళ్ళయిన సుశీల ఒకామె ఉంది. వంటింట్లో ఉన్నపాటున ఆమె వీపు వాచింది. ఆమె అన్నదమ్ములు నలుగురూ వచ్చి, జన్మలో దోమని కూడా కొట్టని ఆమె మొగుణ్ణి కొబ్బరిచెట్టుకి కట్టి కొట్టారు. తప్పు తనదని చెప్పుకోవడానికి గణేశ్వరరావు బస్సెక్కి వెళ్ళాడు. కన్ను నల్లగా చేయించుకుని తిరిగొచ్చాడు.

"తీసేస్తాను" అన్నాడు తడిగుడ్డ కంటికి అద్దుకుంటూ. "కాళమ్మ గారూ, మీ మాటలు మొత్తం తీసేస్తాను. థీసిస్ పోతే పోయింది."

కాళమ్మ బల్ల మీంచి లేచి కూర్చుంది. వారం రోజుల్లో ఆమెకి రెండుచోట్ల నుంచి దెబ్బలు పడ్డాయి, ఇంట్లోవి ఇంట్లో, కాయితం మీదవి కాయితం మీద. ఒక కన్ను మూసుకుపోయింది.

"తియ్యకండి సార్. పద్నాలుగేళ్ళలో నన్ను ఎవులూ అడగనేదు. మీరడిగినారు, నాను సెప్పినాను. నా మాట ఒడ్డు దాటాల. మీరు తీసీసినా ఆడు మానీత్తాడా? మొన్న మంగళారం నా ఏలు ఇరిసినాడు. ఏ కాయితం సూసి ఇరిసినాడు?"

"కానీ బరువు ఎవరి మీదో పడాలి కదమ్మా!"

"పడాల" అంది కాళమ్మ.

నూకరత్నం పద్ధతుల పుస్తకం ముందుకి లాక్కుంది. తెలుగు ఆమె కూడబలుక్కుని చదివేది గానీ ఇంగ్లీషు మాత్రం నమిలి మింగేసేది. ఆ లావుపాటి పుస్తకాన్ని ఒక్క గంటలో, ఒక చేత్తో కాళమ్మ తలకి కొబ్బరినూనె రాస్తూ రెండో చేత్తో పేజీలు తిప్పుతూ, అట్ట నుంచి అట్టకి చదివేసింది. రాసినవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండరు. ఓ పేజీ దగ్గర వేలు ఆగింది.

"సార్, ఒకాయన మాట ఇంకొకాయన పుస్తకంలో సూసినామనుకోండి. ఎవరి పేరెయ్యాల?"

"మొదట అన్నాయనది. రెండో ఆయన ఉటంకించాడంతే. వీలైనంతవరకూ అసలు మూలానికి వెళ్ళాలి. అది ముఖ్య నియమం."

"అయితే ఈ దెబ్బ ఎవులిది?"

గణేశ్వరరావు కంటి మీద గుడ్డ తీశాడు.

"మా అప్ప సొంతంగా ఏటీ సెయ్యనేదు సార్. ఆమె వీపు మీద ఉన్నది ఆమె సదివి ఇనిపించింది. రాసినోడు ఏరే ఉన్నాడు. మీరు అసలు మూలం వొగ్గీసి ఉత్తినే తిరగతన్నారు."

"అది... అతని పేరు పెట్టడమంటే... గోప్యత..."

"గోప్యత మాట ఈమెకిచ్చారు. ఆడికిచ్చారా? ఆణ్ణి ఏటైనా అడిగారా మీరు?"

"అడగలేదు. అడగడానికి వెళ్తే డుంగీలోంచి తోసేశాడు." ఆయన కాళమ్మ వైపు తిరిగాడు. "తెలిస్తే మిమ్మల్ని చంపేస్తాడమ్మా."

కాళమ్మ విరిగిన వేలు పైకెత్తి చూపించింది. "ఇప్పుడేటి, పెంచుతన్నాడా? ఎయ్యండి. ఆడి పనికి ఆడి పేరు."

నూకరత్నం కొత్త కాయితాలు ఎక్కించింది. ఇక్కడే లెక్చరరు ఓ పొరపాటు చేశాడు. పద్ధతి ప్రకారం ఇంటిపేరు చాలన్నాడు. *(మైలపల్లి, 1974)* అని పడింది. అమెరికాలో ఎలా ఉంటుందో తెలీదు గానీ, ఇంటిపేరు చాలు అనుకోవడం మా ఒడ్డువాళ్ళ దగ్గర చెల్లుతుందా? పేటలో మైలపల్లివాళ్ళు నలభై గడప. ఒక్క క్షణంలో జెట్టీ మీద, బజార్లో, బడి వరండాలో, రాటకి వల కడుతూ, ముగ్గేస్తూ, గడ్డం గీయించుకుంటూ ఉన్న మైలపల్లివాళ్ళంతా "అమ్మో!" అని ఒక్కసారే వంగిపోయారు. సముద్రం మీద పక్షులు లేచిపోయాయి. మంగలి చేతిలో ఉన్న ఒక మైలపల్లికి చెవి తెగింది. పెళ్ళయినాక కాళమ్మదీ ఆ ఇంటిపేరే. పాపం ఆమె మళ్ళీ బల్ల మీద పడింది.

"ఆగండాగండి!" అని అరిచాడు గణేశ్వరరావు. "ఒకే ఇంటిపేరు ఇద్దరికుంటే ముందు అక్షరం కలపాలి! ఉంది, పుస్తకంలో ఉంది!"

"ముందే సెప్పొచ్చు గదా సార్!" అని గద్దించి, నూకరత్నం కాయితాలు చింపి, కొత్తవి ఎక్కించి, పేరు ముందు పెద్ద ఎ అక్షరం కొట్టి, పక్కన చుక్క పెట్టింది. ఆ చుక్క ఎంత గట్టిగా పడిందంటే ఐదో కాపీ అడుగున రోలరు మీద కూడా గుంట పడింది. మళ్ళీ వాక్యం మొదలెట్టింది. ఈసారి కాళమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు చెవుల దాకా లాక్కుని కూర్చుంది.

ఏమీ కాలేదు.

జంగ్లీఘాట్ జెట్టీ మీద అయింది. అప్పలరాముడు అప్పుడే ఒడ్డుకొచ్చి వల దులుపుతున్నాడు. వెనకనుంచి తెడ్డు తిరగేసి వేసినట్టు ఒక్కటి పడింది. అంత మనిషీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఎవుడ్రా?" అని లేచి తిరిగితే ఎవడూ లేడు. రెండోది. గాలిని ఒక్క గుద్దు గుద్దాడు, ఆ గుద్దు తగిలి పక్క డుంగీ కొయ్య విరిగి నీళ్ళలో పడింది. మూడోది. తెడ్డు తీసి గిరగిరా తిప్పాడు, జెట్టీ మీదున్న వంద మందీ పారిపోయారు. నాలుగు. ఐదు. ఒక కాపీ కూడా తప్పలేదు.

ఆ తర్వాత నూకరత్నం ఆగలేదు. అలాంటి టైపింగు ఈ దీవుల్లో ఎవరూ వినలేదు, ఇక వినరు. మిషను బల్ల మీద అడుగెత్తు ఎగిరింది. *గుప్పెడు జుట్టు ఊడబెరికాడు*, ఎ. మైలపల్లి, డెబ్బై ఆరు. జెట్టీ మీద జుట్టు గాల్లో తేలింది. *మరుగుతున్న గంజి విసిరాడు*, ఎ. మైలపల్లి, డెబ్బై తొమ్మిది. నల్లటి ఛాతీ మీద తెల్లటి పొక్కులు లేచాయి. *కడుపులో తన్నాడు, అప్పుడు నాకు ఆరో నెల.* ఎనభై. ఆ వాక్యం దగ్గర మాత్రం నూకరత్నం వేళ్ళు మొదటిసారి కనిపించాయి, అంత నెమ్మదిగా కొట్టింది. కాళమ్మ గోడకేసి తిరిగి కూర్చుంది. జెట్టీ మీద అప్పలరాముడు కడుపు పట్టుకుని గుండ్రంగా చుట్టుకుపోయి, పసిబిడ్డలా ఏడిచాడు.

దెబ్బకీ దెబ్బకీ మధ్య వాడికి ఒకటి తెలిసొచ్చింది. ప్రతి దెబ్బా తెలిసిన దెబ్బే. ఈ తన్ను ఎక్కడ తన్నానో, ఆ రోజు కూరలో ఏం ఉప్పెక్కువైందో వాడికి గుర్తుకొస్తోంది. తన చేతి రాత తను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు. ముప్పయ్యో చోటు దాటేసరికి తెడ్డు పక్కన పడేసి, చేతులు రెండూ నేలకి ఆనించి, తల వంచుకుని ఉండిపోయాడు. చుట్టూ చేరిన జనం, "ఎవులో ఈడి మాట మోత్తన్నారు, పేరెట్టి" అనుకుని, వాడి పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోయారు.

ముప్పై ఒకటోది మిగిలింది.

అది ఒక వాక్యం కాదు. యాభై ఎనిమిది మాటలు. నలభై దాటితే కొటేషను గుర్తులు ఉండకూడదు, అంచు నుంచి ఐదు అక్షరాలు లోపలికి జరిపి, మొత్తం ఓ దిమ్మలా కొట్టాలి, అడుగున పేరెయ్యాలి. నూకరత్నం ముందు కళ్ళతో చదివింది. పెద్ద చేపని లాగే ఇనుప కొక్కేనికి కాళమ్మ జుట్టు చుట్టి, డుంగీ అంచు మీంచి తల నీళ్ళలోకి నొక్కి, మెడ మీద మోకాలు పెట్టి, ఆమె కాళ్ళు కొట్టుకోవడం ఆగేదాకా ఉంచిన సంగతి. ఎనభై మూడు.

ఆమె మీటల మీంచి చేతులు తీసింది.

"అప్పా. ఇది ఐదుసార్లంటే మనిషి సచ్చిపోతాడు."

"సచ్చిపోతాడు" అంది కాళమ్మ.

గణేశ్వరరావు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడయింది. వీధిలో ఎవరో పచ్చిమిరపకాయలు అమ్ముతున్నారు.

కాళమ్మ లేచి మిషను దగ్గరికొచ్చింది. చదువు రాని వేళ్ళతో, రోలరుకి ఎక్కించి ఉన్న కాయితాల దొంతర అంచు పట్టుకుని చూసింది. తెల్లది, నల్లది, తెల్లది, నల్లది.

"ఈ నల్లవి తీసీ."

"కార్బన్లా?"

"తీసీ అమ్మడూ. నాను ఆ దినం ఒక్కపాలే సచ్చి బతికినాను. ఆడికీ ఒక్కపాలే. అయిదుపాలు నాకు ఎవుడూ సెయ్యనేదు, నాను ఆడికెందుకు సేత్తాను? నాను సెప్పింది సెప్పినట్టే ఉండాల. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

లెక్చరరు తలెత్తాడు. "మిగతా నాలుగు కాపీల్లో?"

"తెల్లకాయితం ఎట్టండి సార్. సదివినోళ్ళు అడుగుతారు గదా, ఇక్కడేటున్నాదని. అడగనీయండి."

నూకరత్నం దొంతర విప్పి, ఒకే ఒక్క కాయితం ఎక్కించింది. ఐదు అక్షరాలు లోపలికి జరిపి, యాభై ఎనిమిది మాటలూ మాట వెనక మాట కొట్టింది. జెట్టీ మీద, నీటికి పది అడుగుల దూరంలో, పొడి పలకల మీద, అప్పలరాముడు మునిగిపోయాడు. చూసినవాళ్ళు చెప్పారు: మెడ నేలకి అతుక్కుపోయింది, నోట్లోంచి ముక్కులోంచి ఉప్పునీళ్ళు బుడబుడా వచ్చాయి, కాళ్ళు పలకల మీద తపతపా కొట్టుకున్నాయి. కొట్టుకోవడం ఆగింది. నూకరత్నం అడుగున పేరూ ఏడూ వేసి చుక్క పెట్టింది. వాడు బొక్కెనడు నీళ్ళు కక్కుకుని ఊపిరి తీశాడు.

ఆఖరి పేజీ మరీ సులువు. అక్షరక్రమంలో పండితులు ఒకళ్ళ కింద ఒకళ్ళు. ఎమ్ అక్షరం దగ్గరికొచ్చింది. కార్బన్లు మళ్ళీ ఎక్కాయి. అచ్చుకాని రచనకి ఏం రాయాలో పుస్తకంలో ఉంది. *మైలపల్లి, ఎ. (1972–* అని కొట్టి, గీత దగ్గర ఆగింది.

"సార్, మొదలెట్టిన ఏడాది ఏశాను. ఆఖరిది?"

"రచన ఇంకా సాగుతూ ఉంటే గీత పెట్టి వదిలెయ్యాలి. ఆగిపోతే ఆ ఏడాది వెయ్యాలి." ఆయన గొంతు తగ్గించాడు. "వదిలేస్తే, ఇకముందు చేసేది కూడా ఆ పేరు కిందకే వస్తుంది."

మెట్ల మీద నీడ పడింది.

అప్పలరాముడు ద్వారం పట్టుకుని నిలబడ్డాడు. సగం జుట్టు లేదు. ఛాతీ మీద పొక్కులు. మెడ మీద మోకాలి ముద్ర. జెట్టీ నుంచి షాపు దాకా ఎవరూ దారి చెప్పలేదు, మిషను చప్పుడు పట్టుకుని వచ్చేశాడు. గణేశ్వరరావు లేచి అడ్డం నిలబడ్డాడు, తొలిసారి ధైర్యంగా. నూకరత్నం మిషను పక్కనున్న ఇనుప స్కేలు చేతిలోకి తీసుకుంది. కాళమ్మ మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

వాడు ఆమెని చూశాడు.

"ఇంకెన్నున్నాయి?" అన్నాడు, ఉప్పునీళ్ళు దిగిన గొంతుతో.

"అయిపోనాయి బావా" అంది నూకరత్నం. "ఒక్క గీత ఉండిపోయింది. ఇది ఇలాగే వొగ్గీనా, ఏడాది ఎయ్యనా? వొగ్గీసినాననుకో, రేపు నువ్వు ఎత్తే సెయ్యి కూడా ఈ గీత కిందకే వత్తాది. ఐదు కాపీలు."

వాడు కాళమ్మ వైపు తిరిగాడు.

"నన్నేటి సూత్తావు?" అంది ఆమె. "నీ పని. ఎప్పుడాగిందో నీకే తెలవాల. నాను మాత్రం ఇకని బుల్లమ్మత్త ఇంట్లో ఉంతాను. గుడ్డలు తెచ్చీసుకున్నాను."

అప్పలరాముడు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు, అటూ ఇటూ, ఎవరివో చూస్తున్నట్టు.

"ఈ ఏడే" అన్నాడు. "ఎనభై ఆరు. ఎయ్యి, అమ్మా."

నూకరత్నం ఒకటి కొట్టింది. వాడి భుజాలు ఉలిక్కిపడ్డాయి. తొమ్మిది. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఎనిమిది. ద్వారబంధాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, మెడ లోపలికి లాక్కుని, పళ్ళు బిగించాడు. ఆరు. బ్రాకెట్టు మూసింది. చుక్క.

కాళమ్మ అప్పటికే బుట్ట నెత్తినెట్టుకుని, వాడి పక్కనుంచే మెట్లు దిగి, కుళాయి దాటి వెళ్ళిపోతోంది. "సుర్మాయి! సుర్మాయి!" అన్న కేక వాలు మీంచి కిందికి దిగింది. అప్పలరాముడు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు, పడబోయే దెబ్బ కోసం చూస్తూ.